టెక్ సందేహాలు: సైట్ రెడీ, మరి కస్టమర్లు ఏరి?

ప్రశ్న: చేత్తో కుట్టిన నోట్‌బుక్స్, డైరీలు అమ్మడానికి వెబ్‌సైట్ పెట్టి రెండు నెలలైంది. ఇన్‌స్టాలో యాడ్స్ వేస్తే జనం వస్తున్నారు కానీ కొనట్లేదు. గూగుల్‌లో షాపు పేరు కొట్టినా సైట్ రావట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

జవాబు: ముందు యాడ్స్ ఆపేయండి, ఓ రెండు వారాలు చాలు. చిల్లు కుండలో ఎన్ని నీళ్లు పోసినా నిండదు కదా, ఆ చిల్లు ఎక్కడుందో ముందు చూద్దాం.

గూగుల్ సంగతి తేలిక. షాపు పేరు కొట్టినా రావట్లేదంటే చాలాసార్లు ఆ సైట్ గూగుల్ ఇండెక్స్‌లోకే, అంటే గూగుల్ వెతికే పేజీల జాబితాలోకే ఎక్కలేదని అర్థం. మీది వర్డ్‌ప్రెస్ అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్‌లోకి వెళ్లండి, సెర్చ్ ఇంజిన్లు రావద్దని చెప్పే టిక్ బాక్స్ ఒకటి ఉంటుంది, సైట్ కట్టేటప్పుడు పెట్టి తర్వాత తీయడం మర్చిపోతుంటారు. అది తీసేసి, ఫ్రీగా దొరికే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ని చేర్చి సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల జాబితా) ఇవ్వండి. వెంటనే రాదు, కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలైనా పట్టొచ్చు. తర్వాత అందులోనే పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ చూడండి, జనం ఏ మాటలు టైప్ చేస్తే మీ పేజీ కనిపించిందో అక్కడ ఉంటుంది, ప్రోడక్ట్ పేర్లు ఆ మాటల్లోనే పెట్టండి. మీరు ముద్దుగా పెట్టుకున్న పేరుతో ఎవరూ వెతకరు, "గీతల్లేని డైరీ" అనే వెతుకుతారు.

ఇక అసలు విషయం, వచ్చినవాళ్లు ఎందుకు కొనట్లేదు? సైట్‌కి వచ్చినవాళ్లు ఏం చేశారో లెక్క చెప్పే గూగుల్ అనలిటిక్స్ పెట్టుకుని ప్రోడక్ట్ చూసినవాళ్లు ఎంతమంది, కార్ట్‌లో వేసినవాళ్లు ఎంతమంది, చెకౌట్ మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది, డబ్బు కట్టినవాళ్లు ఎంతమంది అని వరసగా చూడండి. ప్రోడక్ట్ పేజీ నుంచే వెనక్కి పోతుంటే ఫోటో, సైజు, పేజీల సంఖ్య, పేపర్ మందం లాంటివి సరిగ్గా చెప్పలేదేమో. చెకౌట్‌లో పోతుంటే చివర్లో బయటపడే డెలివరీ ఛార్జీ, లేదా అకౌంట్ తెరవమనే పట్టుదల కారణం కావచ్చు. ఇంకో పని తప్పకుండా చేయండి, మీ సైట్ ఎప్పుడూ చూడనివాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి ఒక డైరీ ఆర్డర్ చేయమని చెప్పి పక్కన నోరు మెదపకుండా కూర్చోండి, వాళ్ల వేలు ఎక్కడ ఆగుతుందో అక్కడే మీ చిల్లు.

మొదటి పదిమంది కస్టమర్లని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వదు, ఇది నేను గట్టిగా నమ్ముతాను. 2009లో, ఇళ్లు, గదులు కొన్ని రోజులకి అద్దెకి దొరికే సైట్ ఎయిర్‌బీఎన్‌బీ పెట్టినవాళ్లే న్యూయార్క్ వెళ్లి ఇళ్లవాళ్లని కలిసి, ఆ ఇళ్లకి మంచి ఫోటోలు స్వయంగా తీశారు, అప్పటిదాకా ఫోటోలు బాగాలేక బుకింగ్స్ రావట్లేదు మరి. మీరూ డైరీ రాసే అలవాటున్నవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు ఉండే గ్రూపుల్లో చేరండి, వెళ్లగానే లింక్ పడేయకండి, ఏ పేపర్‌కి ఇంకు పాకదు అని ఎవరైనా అడిగితే తెలిసింది చెప్పండి. ఒక్కొక్కరితో మాట్లాడి ఒక్కొక్కటి అమ్మండి. కొన్నవాళ్లని ఎందుకు కొన్నారో అడిగి, వాళ్లు చెప్పిన మాటనే ప్రోడక్ట్ పేజీలో పెట్టండి. ఎక్కడ లింక్ ఇచ్చినా దాని చివర యూటీఎం ట్యాగ్ (ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పే చిన్న గుర్తు) తగిలించండి, ఏ గ్రూపు నుంచి ఆర్డర్ వచ్చిందో అనలిటిక్స్‌లో తెలిసిపోతుంది, యాడ్స్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎలాంటివాళ్లకి చూపించాలో కూడా దాన్నిబట్టే తేలుతుంది.

ప్రశ్న: వేల ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు ఉన్న లిస్ట్ అమ్ముతామంటున్నారు, కొనొచ్చా?

జవాబు: వద్దండీ, దయచేసి వద్దు. ఆ మనుషులు మిమ్మల్ని అడగలేదు, అడగని మెసేజ్ వస్తే రిపోర్ట్ కొడతారు, వాట్సాప్‌లో ఆ నంబరే బ్యాన్ అయిపోవచ్చు. మెయిల్ అయితే 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ రూల్స్ గట్టిపడ్డాయి. జీమెయిల్ అడ్రస్‌లకి రోజుకి 5,000 మెయిల్స్ దాటి పంపేవాళ్లకి, మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ సెట్టింగ్స్ మూడూ ఉండాలి, ప్రచార మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యేలా ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, అంటే వెయ్యి మెయిల్స్‌కి ముగ్గురు కొట్టినా చిక్కే. కొన్న లిస్ట్‌తో ఆ గీత దాటడానికి ఒక్క పూట చాలు, తర్వాత మీ అసలు ఆర్డర్ మెయిల్స్ కూడా స్పామ్‌లోకి పోవచ్చు. ఆర్డర్ పెట్టేటప్పుడు "కొత్తవి వస్తే చెప్పమంటారా" అని ఒక టిక్ బాక్స్ పెట్టండి, యాభైమందే చేరినా వాళ్లు మీవాళ్లు.

ప్రశ్న: షాపు లేదు, అంతా ఆన్‌లైనే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవచ్చా?

జవాబు: కుదరదు, గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో వ్యాపారం వివరాలు చూపించే ప్రొఫైల్ అది, కస్టమర్లని నేరుగా కలిసే వ్యాపారాలకే ఇస్తారు. మీరు గూగుల్‌వాళ్లదే మర్చంట్ సెంటర్‌లో ప్రోడక్ట్స్ ఎక్కించండి, 2020 నుంచి గూగుల్ షాపింగ్ ట్యాబ్‌లో ఫ్రీగా కూడా చూపిస్తున్నారు. ధర, స్టాక్ మాత్రం సైట్‌లో ఎలా ఉంటే అక్కడా అలాగే ఉండాలి, తేడా ఉంటే ఆ ప్రోడక్ట్‌ని ఆపేస్తారు.