మీ మామగారు అడిగిన ప్రశ్న

చిరంజీవి అమ్మాయికి,

నీ స్కాట్లండ్ వ్యాసం అందింది. గ్లెన్‌కో లోయను ‘మనిషి స్పర్శ సోకని స్వచ్ఛమైన ప్రకృతి’ అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున ఆ లోయలో మెక్‌డొనాల్డ్ వంశస్థులను దాదాపు 38 మందిని చంపారు. చంపింది ప్రభుత్వ సైనికులు. అంతకుముందు రెండు వారాలకు పైబడి కాకపోయినా దరిదాపుగా అన్నాళ్లూ ఆ ఇళ్లలోనే తిని పడుకున్నవాళ్లు. మంచులో కొండల మీదికి పారిపోయి చలికి పోయినవాళ్లు వేరే. మనిషి స్పర్శ సోకకపోవడమేమిటి?

కోపం తగ్గాక వెనక్కి వెళ్లి చదివితే అసలైన వాక్యం దొరికింది. రానోక్ మూర్ అనే చిత్తడి బీడు దగ్గర కారు ఆపినప్పుడు మీ మామగారు, ‘ఇన్ని నీళ్లు పెట్టుకుని వీళ్లు ఏమీ పండించరా?’ అన్నారు. కోనసీమ రైతు కదా, అడుగుతారు మరి. నువ్వేమో ‘అందరం నవ్వుకున్నాం’ అని రాసి మళ్లీ మబ్బుల వర్ణనలో పడ్డావు. నవ్వడానికి అందులో ఏముంది? ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగనిదే యాత్రా వ్యాసం మొదలు కాదని నా వాదన. మొండివాదన అని మా మిత్రులంటారు, అననీ.

ఆయనకు జవాబు చెప్పి చూడు, వ్యాసం దానంతట అదే నడుస్తుంది. ఆ మూర్ నిండా పీట్ నేల. ఎడతెగని వానలకు నీరు నిలిచి, చచ్చిన నాచు పూర్తిగా కుళ్లక వేల ఏళ్లుగా పేరుకుపోయిన నల్లటి ఆమ్లపు నేల, పంటకు పనికిరాదు. దాని మీద రైలు మార్గం వేయబోతే కింద గట్టి నేల దొరకలేదు. చివరికి చెట్ల కొమ్మలు, గడ్డిపెళ్లలు, మట్టి, బూడిద పరిచి, ఆ పరుపు మీద పట్టాలు వేశారు. 1894లో తెరిచిన ఆ దారిలోనే ఈ రోజుకీ ఫోర్ట్ విలియం రైలు నడుస్తోంది. దమ్ము చేసిన మడిలో దిగబడ్డ మనిషికి ఈ సంగతి చెబితే ఎన్ని ఎదురు ప్రశ్నలు వేస్తాడో!

కానీ లోయల్లో పండించారమ్మా. ఓట్స్ ధాన్యం, బార్లీ, తర్వాత బంగాళాదుంపలు. చేత్తో పోసిన బోదెల గుర్తులు హైలాండ్స్ అనే ఆ ఉత్తరపు కొండసీమ వాలుల మీద ఇంకా ఉన్నాయి, ఎండ ఏటవాలుగా పడినప్పుడు తేలి కనిపిస్తాయి. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగం నుంచి, గొర్రెలైతే లాభమని భూస్వాములు రైతులను ఖాళీ చేయించారు. నువ్వు వెళ్లిన దారికి చాలా ఉత్తరాన, స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లోనూ 1819లోనూ ఇళ్ల కప్పులు తగలబెట్టారు. కొందరు సముద్రపు ఒడ్డుకు, కొందరు కెనడాకు పోయారు. ‘ముద్దొచ్చే గొర్రెలు’ అని అర పేజీ రాశావే, అవి ఎవరి చేలలో మేస్తున్నాయో ఒక్క ముక్క రాయవద్దా? గ్లెన్‌కోలో టీ తాగామన్నావు. ఆ సందర్శకుల కేంద్రం దగ్గరే, తవ్వకాల్లో దొరికిన ఆనవాళ్లను బట్టి గడ్డిపెళ్లలతో పాతకాలపు ఇల్లు ఒకటి మళ్లీ కట్టి ఉంచారు. ఫోటోలు తీసుకునే హడావిడిలో చూడలేదనుకుంటాను.

ఈ ఫోటోల జబ్బు ఇవాళ్టిది కాదులే. నేను కుర్రతనంలో పాపికొండల లాంచీ ప్రయాణం రాశాను. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలు పడుకున్నాక, వంటింటి దీపం కింద కూర్చుని రాసిన వ్యాసం. అందులో ఒడ్డు పల్లెలో చుట్ట కాలుస్తూ ‘ఆనకట్ట వస్తే మేమెక్కడికి పోవాలి బాబూ’ అని అడిగిన ముసలాయన ఉన్నాడు. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ ముసలాయనను శుభ్రంగా కోసేసి, గోదావరి వయ్యారాలు మాత్రం ఉంచి, రంగుల బొమ్మతో అచ్చేశాడు. పారితోషికం ఇప్పటికీ రాలేదు. ఈ కాలంలో వయ్యారాలు కూడా పోయి పార్కింగ్ రుసుములు, ‘తప్పక చూడవలసిన పది చోట్లు’ మిగిలాయి. నీ వ్యాసం చివర అలాంటి పట్టిక కనిపించింది. తీసెయ్యి.

గ్లెన్‌ఫినన్ వంతెనను సినిమాలో చూసిన వంతెన అని వదిలేశావు. ఇరవయ్యొక్క కమానులు, లోపల ఇనుప ఊచ లేని కాంక్రీటు, 1901 నుంచి రైళ్లను మోస్తోంది. సినిమా నిన్న మొన్నటిది.

గ్లెన్ ఎటివ్ ఇరుకు రోడ్డులో ఎదురు కారతను పక్కకు ఆగి దారి ఇస్తే, మీ అత్తగారు అద్దం లోంచి రెండు చేతులెత్తి దండం పెట్టారన్న వాక్యం బాగుంది. వానలో కారులోనే కూర్చుని పులిహోర తిన్న పేరా కూడా ఉంచు, ఎవరు కొట్టేయమన్నా వినకు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోనా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. మామగారు ఊరికి తిరిగి వెళ్లేలోగా ఆయనను కూర్చోబెట్టి పీట్ సంగతి, గొర్రెల సంగతి చెప్పు. ఆయన ఏమంటారో అన్నది అన్నట్టు రాసుకుని, వ్యాసం తిరగరాసి పంపు. ఫోటోలు జత చేయకు.

ఆశీస్సులతో.