హల్ నంబరు లేని పాత బోటు: రిజిస్ట్రేషన్ ఎట్ల?

అన్నా, సోమశిలలో కొన్న పాత ఫైబర్ బోటుకు హల్ నంబరు (తయారీదారు బోటు ఒంటి మీద వేసే గుర్తింపు నంబరు) లేదని, రిజిస్ట్రేషన్ కాదేమోనని అడిగారు. దిగులు పడకండి. ఆ 12 అక్షరాల నంబరు 1972 నవంబరు నుంచి అమెరికాలో తయారీదార్లకు పెట్టిన నిబంధన. మన దగ్గర ఇంజన్ బోటుకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వర్తిస్తుంది. ముందు అధికారులు సర్వే, అంటే బోటు తనిఖీ చేస్తారు, రిజిస్ట్రేషన్‌లో అధికారిక నంబరు వాళ్లే ఇస్తారు. మీరే ఏదో నంబరు చెక్కించారనుకోండి, లేనిపోని అనుమానాలొస్తయి.

అసలు తేలాల్సింది బోటు మీదేనా అన్నది. అమ్మినాయనతో స్టాంపు పేపరు మీద రాయించుకోండి: పొడవు, వెడల్పు, లోతు, ఇంజన్ నంబరు, ఇద్దరు సాక్షుల సంతకాలు. పాత రిజిస్ట్రేషన్ కాగితం ఏమన్నా ఉందేమో గట్టిగా అడగండి. ఔట్‌బోర్డ్ మోటారైతే (బోటు వెనక బయట తగిలించేది) నంబరు ప్లేటు సాధారణంగా బోటుకు బిగించే బ్రాకెట్ మీద ఉంటది. గ్రీజు తుడిచి దగ్గర నుంచి ఫొటో తీయండి. అంకెలు చెక్కి ఉంటే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అచ్చు పడుతుంది. విదేశీ బోటైతే వెనక గోడ కుడివైపు పైమూల రంగు మెల్లగా గీకి చూడండి, నంబరు రంగు కింద ఉండొచ్చు.

కాగితాలు చేతికొచ్చేదాకా మాత్రం ఆ బోటులో జనాన్ని ఎక్కించకండి అన్నా. కృష్ణ అక్కడ చాలా లోతు.