ముందు చోటు, తర్వాత కోట

అల్లుడూ,

1776 నాటి గుత్తి కోట ముట్టడిని డయోరమాగా, అంటే చిన్న బొమ్మలతో చూపే దృశ్యంగా, కడతానని, ప్లైవుడ్ కూడా తెచ్చేశానని రాశావు. దాన్ని ఇప్పుడే కోయొద్దు. కట్టింది ఎక్కడ పెడతావో ముందు తేల్చుకో. బొమ్మంతా అయ్యాక చోటు వెతికేవాళ్లే ఎక్కువ. అవన్నీ చివరికి బీరువాల మీదికెక్కి దుమ్ము పడతాయి.

కొండంతా కట్టాలన్న ఆశ వదిలెయ్. మన గుత్తి కొండ చుట్టుపక్కల నేలకంటే దాదాపు 300 మీటర్లు ఎత్తు. నువ్వనుకున్న 1:72 స్కేలులో మనిషి రెండున్నర సెంటీమీటర్ల లోపే వస్తాడు గానీ, కొండ నాలుగు మీటర్లు దాటుతుంది. మీ మిద్దెకు కప్పు తీయాల్సిందే! పైన ఆ కోటనేలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే మంటపం, కింద కాస్త బండ, అడుగంటిన ఒక నీటి గుంట, అంతే చాలు. మైసూరు హైదర్ అలీకి ఆ కోట లొంగింది లోపల నీళ్లు అయిపోయి. కాబట్టి పొగ, మంటలు, ఫిరంగులు అంటూ హడావుడి వద్దు. ఖాళీ కడవలు పెట్టు, గుంట దగ్గర తోసుకుంటున్న సిపాయిలను పెట్టు. చూసేవాళ్లకు విషయం అదే తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో దొరికే సిపాయిల సెట్లు ఎక్కువగా యూరప్ వాళ్లవి. ఎర్రకోటు దొరలకు ఇందులో పనిలేదు, ఈ పోరు మైసూరుకూ మరాఠా సర్దారుకూ మధ్య. టోపీలు కోసేసి ఎంసీల్‌తో తలపాగాలు చుట్టు. థర్మోకోల్ మీద స్ప్రే పెయింట్ నేరుగా కొట్టావంటే కరిగిపోతుంది. ముందు కాగితం గుజ్జులో ఫెవికాల్ కలిపి పూయి. నీడలో ఆరనివ్వు, మన ఎండకు పెడితే నెర్రెలిస్తుంది.

ఇక చోటు. మ్యూజియంలో అడగడం తప్పు కాదు గానీ, వాళ్లు పాత వస్తువులకే మొగ్గుతారు. నన్నడిగితే కాలేజీ హిస్టరీ డిపార్ట్‌మెంటో, ఊళ్లో లైబ్రరీయో మేలు. అక్కడి పెద్దసారు నోటిమాట నమ్ముకోవద్దు, రేపు ఆయనకు బదిలీ అయితే నీ కోట స్టోర్ రూముకు పోతుంది. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, దుమ్ము ఎవరు దులుపుతారు, వద్దనుకుంటే నీకే తిరిగివ్వాలి అని కాగితం మీద రాయించుకో. ఎండ పడని గోడ పక్కన, చెదలు పట్టని ఇనుప స్టాండు మీద పెట్టించు.

గుమ్మం వెడల్పు మాత్రం నువ్వే టేపు పెట్టి కొలువు. పట్టదనిపిస్తే అడుగుచెక్కను రెండు ముక్కలు చేసి బోల్టులు బిగించుకో. కొలతలు పంపితే అద్దాల పెట్టెకు ఎంతవుతుందో ఇక్కడి వడ్రంగిని అడిగి చెబుతా.

మీ మామ