చమురు ఆపేస్తే ఏ దేశమైనా దారికి రావాలి కదా, యుద్ధానికి ఎందుకు దిగుతుంది?

దారికొచ్చే దేశాలూ ఉన్నాయి. కానీ ట్యాంకుల్లో కొంత నిల్వ, అందుబాటు దూరంలో పరాయివాళ్ల నూనె బావులు, చేతిలో గట్టి నౌకాదళం ఉన్నవాడికి చమురు ఆపి చూడండి, లెక్క తిరగబడుతుంది. 1941లో జపాన్ అదే స్థితిలో ఉంది.

టీవీ చర్చల్లో ఆంక్షలంటే మీట నొక్కినట్టు మాట్లాడతారు. నిజానికి అమెరికా మెల్లగా బిగించుకుంటూ వచ్చింది. 1940 జనవరిలో పాత వాణిజ్య ఒప్పందాన్ని ముగియనిచ్చింది. జులైలో 87 ఆక్టేన్ (పెట్రోలు నాణ్యత కొలత), ఆపై విమాన పెట్రోలుకు లైసెన్సు పెట్టింది. జపాన్ 86 ఆక్టేన్ కొనుక్కుంది! అక్టోబరులో తుక్కు ఇనుము బంద్. మిగతా చమురు మాత్రం వెళ్తూనే ఉంది. అదీ ఆపితే జపాన్ నూనె బావులున్న డచ్ ఈస్టిండీస్ (ఇప్పటి ఇండోనేషియా) మీద పడుతుందని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కే భయం.

1941 జులైలో జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలో (ఇప్పటి వియత్నాం వైపు) దిగాయి. 26న అమెరికా తన దగ్గరున్న జపాన్ డబ్బును స్తంభింపజేసింది. ఇక్కడే మెలిక ఉంది. చమురు ఎగుమతికి లైసెన్సు ఇచ్చేది ఒకరు, కట్టాల్సిన డాలర్లు విడుదల చేసేది మరొకరు. అమెరికా విదేశాంగ శాఖ అధికారి డీన్ అచెసన్ కూర్చున్న కమిటీ డాలర్లు వదల్లేదు. చేతిలో లైసెన్సు ఉన్నా సరుకు కదలదు. అమ్మకం నిషేధమని ఎవరూ గట్టిగా ప్రకటించనక్కర్లేకుండానే సంపూర్ణ నిషేధమైపోయింది. బ్రిటన్, డచ్‌వాళ్లూ అదే బాట పట్టారు. జపాన్ చమురులో దాదాపు 80 శాతం అమెరికాదే.

అప్పట్నుంచి టోక్యోలో నడిచింది గడియారం. నౌకాదళం గంటకు 400 టన్నులు తాగుతోందని దాని సేనాపతి నగానో చెప్పాడు. అంటే రోజుకు 9,600 టన్నులు. నిల్వ రెండేళ్లకు, యుద్ధమొస్తే ఏడాదిన్నరకు. బొగ్గు నుంచి నూనె తీసే 1937 నాటి పథకం లక్ష్యం దరిదాపుల్లోకి రాలేదు. పైగా చలికాలం ముదిరితే మలయా తీరంలో సేనల్ని దించడం కష్టం కాబట్టి డిసెంబరు దాటకూడదు. ఆగిన ప్రతి నెలా బలం తగ్గుతుందని తెలిసినవాడు ఆగడు. సెప్టెంబరు 6న చక్రవర్తి ఎదుటే అమెరికాతో చర్చలకు గడువు పెట్టుకున్నారు. చైనా నుంచి తప్పుకోవాలన్న అమెరికా విదేశాంగ మంత్రి హల్ పత్రం నవంబరు 26న చేతికొచ్చేసరికి పెర్ల్ హార్బర్‌లోని అమెరికా నౌకాదళం మీద దాడికి జపాన్ నౌకలు బయల్దేరిపోయాయి.

అలాగని జపాన్‌ని పాపం అమాయకురాల్ని చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. 1937 నుంచి చైనాలో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది ఎవరు? వెనక్కి వెళ్లే దారి ఉంది, సైన్యం ఒప్పుకోలేదు. అమెరికా తప్పు వేరు: తాడు ఎంత బిగించిందో తనే సరిగ్గా చూసుకోలేదు.

మన బడిపుస్తకాల్లో పెర్ల్ హార్బర్ తేదీ ఒక్కటే ఉంటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద ర్యూజో అనే జపాన్ నౌక నుంచి లేచిన విమానాలు బాంబులేశాయి. దక్షిణాన గెలుచుకున్న నూనె ప్రాంతాలు నిలబెట్టుకోవాలంటే బంగాళాఖాతంలో బ్రిటిష్ నౌకలు తిరగకూడదు మరి.

ఇంతా చేసి డచ్ ఈస్టిండీస్‌లోని పాలెంబాంగ్ బావులు దక్కాయి, నూనె మాత్రం మొదట్లో కొంత వచ్చినా రానురాను ఇంటికి చేరడం ఆగిపోయింది. ట్యాంకర్ ఓడల్ని అమెరికా జలాంతర్గాములు ముంచేశాయి. చివరి రోజుల్లో విమానాలకు ఇంధనం కోసం జపాన్ జనం పైన్ చెట్ల వేళ్లు తవ్వారు.