తాళంచెవి నీ జేబులోనే ఉండాలి

చిరంజీవి చిన్నికి, పెదనాన్న దీవించి రాయునది.

కాలిఫోర్నియాలో పైరోటెక్నిక్ స్పెషల్ ఎఫెక్ట్స్, అంటే సినిమాల్లో మందుగుండు పేల్చే పనికి, లైసెన్స్ పరీక్షకి కూర్చుంటున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత గర్వంగా ఉందో, అంత దిగులుగానూ ఉందమ్మా.

21 ఏళ్లు నిండాలి, రాతపరీక్ష పాసవ్వాలి. స్టేట్ ఫైర్ మార్షల్ ఇచ్చే లైసెన్సులో థర్డ్, సెకండ్, ఫస్ట్ అని మూడు తరగతులు. ఫస్ట్ క్లాస్ కోసం తొందరపడకు. లైసెన్స్ చేతిలో ఉన్నా, షూటింగ్ జరిగే చోట ఫైర్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ వేరు.

దూరాలు నోటికి రావాలి. ఎన్‌ఎఫ్‌పీఏ అనే అమెరికా అగ్నిభద్రతా సంస్థ 1126 నంబరు ప్రమాణం ప్రకారం ప్రేక్షకులకి కనీసం 15 అడుగులు, లేదా రవ్వలు పడే వ్యాసార్ధానికి రెట్టింపు, ఏది ఎక్కువైతే అది. చెవులదిరే చప్పుడు చేసే కంకషన్ మోర్టార్‌కి 25 అడుగులు. రవ్వ దేని మీద పడుతుందో కూడా చూడు. 2003 ఫిబ్రవరి 20న రోడ్ ఐలాండ్‌లోని స్టేషన్ నైట్‌క్లబ్‌లో చిచ్చుబుడ్డిలా చిమ్మే జెర్బుల రవ్వలు గోడకున్న ఫోమ్‌ని అంటుకుని 100 మంది పోయారు.

ఇక నా అసలు భయం. బటన్ నొక్కారు, పేలలేదు. డైరెక్టర్ అరుస్తున్నాడు, వెలుతురు పోతోంది. ఏమైందోనని ఒకడు పరుగెత్తుకెళ్లి, మందు నింపిన గిన్నె లాంటి ఫ్లాష్‌పాట్ మీదకి వంగుతాడు. తాళంచెవి, కరెంటు పంపి పేల్చే ఫైరింగ్ బాక్స్‌లోనే ఉంది. వెనకున్నవాడు "ఇంకోసారి చూద్దాం" అని నొక్కుతాడు. ఈ పనిలో ఎప్పట్నుంచో జరుగుతున్న తప్పు ఇదే. చూపులూ చేతులూ పోయేది ఇక్కడే.

పేలకపోతే ముందు తాళంచెవి తీసి జేబులో వేసుకో. బాక్స్ నుంచి తీగ ఊడదీసి, రెండు రాగి కొసలూ కలిపి మూడు మెలికలు తిప్పు. తయారీదారు కాగితంలో చెప్పినంతసేపు ఆగు, ఎవరరిచినా సరే. ఆ తర్వాతే వెళ్లు, అదీ ఒక్కదానివే. అసలు మందు నింపేటప్పుడు కూడా తాళంచెవి నీ దగ్గరే ఉండాలి.

చాలావరకు తప్పు తీగలోనే ఉంటుంది. 24 గేజ్ రాగి తీగ 30 మీటర్లు లాగితే రానుపోను 5 ఓముల నిరోధం. కరెంటుతో వెలిగి మందుని అంటించే వత్తి, ఇ-మ్యాచ్, ఇంకో 2. మీటర్లో 7 రావాల్సిన చోట 5 వచ్చిందంటే అవతలి కొసన షార్ట్. అసలేమీ చూపించకపోతే ఎక్కడో తెగింది. ఇది అతి తక్కువ కరెంటు పంపే బ్లాస్టింగ్ ఓమ్‌మీటర్‌తోనే, జనం దూరంగా ఉన్నప్పుడే చూడాలి. మామూలు మల్టీమీటర్ ముట్టుకోకు, అది పంపే కరెంటుకే ఇ-మ్యాచ్ అంటుకోవచ్చు.

చిన్నప్పుడు దీపావళికి చిచ్చుబుడ్డి తుస్సుమంటే దగ్గరికెళ్లి వంగి చూసేదానివి, గుర్తుందా? మీ అమ్మ జడ పట్టుకుని లాగేది. ఆ అలవాటు పోయిందా తల్లీ? పోకపోతే పరీక్షకి వెళ్లొద్దు, నా మాట విను.

నాలుగు నూలు చొక్కాలు పార్సిల్ చేశాను, పూర్తి చేతులవి. నైలాన్, పాలిస్టర్ వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటాయి, పని రోజున ఒంటిమీద ఉండకూడదు. భుజాలు సరిపోకపోతే కొలతలు పంపు, మళ్లీ కుట్టిస్తాను.

మీ పెదనాన్న