నెలనెలా మందుల ఖర్చుకు దారేది?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా ఆయనకు 48 ఏళ్లు. షుగరు, బీపీ చాలా కాలంగా ఉన్నాయి. ఈమధ్య పరీక్షలో క్రియాటినిన్ కూడా పెరిగిందని తేలింది. మందులకే నెలకు 4,000 రూపాయలు దాటుతోంది. ఆరోగ్యశ్రీ కార్డు మందుల షాపులో చెల్లదన్నారు. డబ్బు సర్దుబాటు కానప్పుడు బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. అలా వేసుకోవచ్చా? ఖర్చు తగ్గే మార్గం ఉంటే చెప్పగలరు.
– ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవడం ఈరోజే మాన్పించండి. షుగరు ఉన్నవారిలో బీపీ అదుపు తప్పితే ముందుగా దెబ్బతినేవాటిలో మూత్రపిండాలు ఒకటి, రక్తంలో క్రియాటినిన్ పెరిగిందంటే మీవారికి ఆ సూచన ఇప్పటికే కనిపించినట్టే. ఈ దశలో మాత్రలు సక్రమంగా వాడితే డయాలసిస్ అవసరాన్ని చాలా ఏళ్లు వాయిదా వేయగలిగే అవకాశం ఉంది.

ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్లకు, ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు, డయాలసిస్‌కు అక్కరకు వస్తుంది. కిడ్నీ పాడైపోయాక ఆదుకునే పథకం, పాడవకుండా కాపాడే మాత్రను కుటుంబం నెత్తినే వదిలేయడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. అయితే ఆ మాత్రల ఖర్చు తగ్గించుకునే దారులు లేకపోలేదు.

షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటి మందులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. మీ డాక్టరు రాసిన చీటీ తీసుకెళ్లి, అందులో ఏవి అక్కడ దొరుకుతాయో అడిగి, పేరు నమోదు చేయించుకోండి. దొరకని వాటికి జన ఔషధి కేంద్రానికి వెళ్లండి, అక్కడ బ్రాండు మందుల ధరలో సగానికి, చాలా మందులైతే అంతకన్నా తక్కువకే వస్తాయి. ఇందుకోసం కంపెనీ పేరుకు బదులు మందు అసలు పేరు రాయమని డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి. షుగరుకూ కిడ్నీ రక్షణకూ వాడే ఎంపాగ్లిఫ్లోజిన్‌పై పేటెంట్ (ఒకే కంపెనీకి ఉండే తయారీ హక్కు) 2025 మార్చిలో ముగిసి, చాలా కంపెనీలు తయారు చేయడంతో దాని ధర బాగా దిగివచ్చింది. మీవారి చీటీలో అది ఉంటే ఒక్క ఆ ధర తగ్గుదలతోనే బిల్లులో తేడా తెలుస్తుంది. మందు మార్చడం, మోతాదు తగ్గించడం మాత్రం మీ అంతట మీరు చేయవద్దు, ఎందుకంటే కిడ్నీ పనితీరును బట్టి మెట్‌ఫార్మిన్ వంటి వాటి మోతాదును డాక్టరే సరిచేయాలి.

కాళ్ల నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, నాటు మందులు అసలు వాడనివ్వకండి. అవి చవకగా దొరికినా, కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

ఒకసారి నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించి, జబ్బు ఏ దశలో ఉందో రాయించుకోండి. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి తీవ్ర దశలో ఉన్నవారికి ఎన్టీఆర్ భరోసా కింద ఇచ్చే పింఛనును 2024లో నెలకు 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మీవారు ఆ దశలో ఉన్నట్టు తేలితే, ఆ కాగితాలతో మీ గ్రామ సచివాలయంలో దరఖాస్తు గురించి అడగండి.