వేలం నోటీసు వచ్చిన కవరు పారేయొద్దు

చిత్తూరులో మీ ఇంటిని బ్యాంకు వేలానికి పెట్టింది, ఇక్కడి కోర్టుకు పోతే స్టే వస్తుందా అని అడిగినారు. ఊళ్లో ఉండే సివిల్ కోర్టులో రాదు. నేను ముందు అక్కడికే పొయ్యి దెబ్బతిన్నాను.

నాది తిరుపతి. కొండకొచ్చే యాత్రికులకు రెండు టాక్సీలు తిప్పేవాణ్ణి. 2020 మార్చిలో దర్శనాలు ఆపేసినాక బండ్లు ఇంటి ముందే నిలబడిపోయినాయి, ఇంటిమీద తెచ్చిన అప్పుకు కంతులు తప్పినాయి. కొన్నాళ్లకు బాకీ 60 రోజుల్లో కట్టమని బ్యాంకు నోటీసు వచ్చింది. చదవకుండా బీరువాలో పెట్టేసినా. దానికి అభ్యంతరం రాసి పంపివుంటే, ఒప్పుకోకపోతే ఎందుకో బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాల్సొచ్చేది. తర్వాత ఒక పొద్దున తలుపుకు స్వాధీన నోటీసు అంటించి, ఫొటో తీసుకొని పోయినారు. పేపర్లలో కూడా వేసినారు. పుత్తూరు నుంచి మా బావమరిది ఫోన్ చేసి "ఏంది బావా, పేపర్లో నీ పేరు?" అన్నాడు. ఆ రోజు నేను బయటికి పోలేదు.

తెలిసిన లాయరు ఉన్నాడని స్థానిక కోర్టులో దావా వేయించినా. బాకీకింద తనఖా ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకొని అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం ఉంది, దాని 34వ సెక్షన్ ప్రకారం ఇది మా పరిధి కాదని తిప్పి పంపినారు. 26 రోజులు గాలికి. పోవాల్సింది 17వ సెక్షన్ కింద బ్యాంకు బాకీల కేసులు చూసే డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు, అదీ స్వాధీనం చేసుకున్న 45 రోజుల్లోపు. హైకోర్టు కూడా మామూలుగా ముందు అక్కడికే పొమ్మంటుంది. ఆ ట్రిబ్యునల్ తిరుపతిలో లేదు, కాబట్టి అక్కడ కేసులు నడిపే లాయరునే పట్టుకోండి. మా బాకీ 18 లక్షలు, కోర్టు ఫీజు 7 వేలయింది.

ఈలోపు వేలం నోటీసు కూడా వచ్చేసింది. కొత్త లాయరు ఫైలు తెరవకముందే అడిగిన మాట: "నోటీసు వచ్చిన కవరుందా?" మా ఆవిడ దాన్ని రేషన్ కార్డుతో పాటు దాచిపెట్టింది. అప్పు తీసుకున్నవాళ్లకు వేలానికి ముందు 30 రోజుల గడువివ్వాలి. మాకు 24 రోజులే ఇచ్చినారని పోస్టు ముద్ర చెప్పింది. కష్టాలన్నీ పేజీలకు పేజీలు రాయించినా, పనికొచ్చింది ఆ ముద్రే.

ట్రిబ్యునల్‌లో స్టే వచ్చింది గానీ ఊరికే రాలేదు. 4 లక్షలు రెండు విడతల్లో కట్టమన్నారు, తప్పితే స్టే పోయినట్టే. ఒక బండి అమ్మి మొదటిది, గాజులు అమ్మి రెండోది కట్టినాం. తర్వాత బ్యాంకుతో ఒకేసారి తీర్చే ఒప్పందానికి కూర్చున్నాం. స్టే లేకుంటే మేనేజరు మాతో మాట్లాడేవాడే కాదని నా నమ్మకం.

ఇంకో మాట. వేలం ముందురోజు మొత్తం కట్టేసి విడిపించుకుంటాం అనుకోవద్దు. 2016 సవరణ తర్వాత ఆ హక్కు వేలం ప్రకటన పేపర్లో పడేదాకే. మీరు కట్టాల్సింది అసలు, వడ్డీల్లో 20 శాతం కంటే తక్కువే మిగిలుంటే మాత్రం ఈ చట్టం మీకు వర్తించదు, లెక్క చూసుకోండి.

స్వాధీన నోటీసు ఏ తేదీన అంటించినారు, వేలం నోటీసు మీ చేతికి ఎప్పుడొచ్చింది, వేలం ఎప్పుడు? ఈ మూడూ ఇక్కడ రాయండన్నా, మా లాయరును అడిగి చెప్తా.